పురిటిగదిలో పిల్ల ఒక్కర్తీ, మనమంతా బయట

మా నౌపడలో ఎవులింట్లోనైనా కాన్పయినాదని తెలిస్తే, పాపా బాబా అని అడిగిన వెంటనే వచ్చే మాట "నార్మలా, ఆపరేషనా?" ఆపరేషనంటే ఇద్దర్లో ఒకర్ని తిట్టుకుంటాం. "ఈకాలం పిల్లలు నొప్పులు ఓర్సుకోలేరు" అని బాలింతని, లేదంటే "డబ్బుల కోసం కోసేసినారు" అని డాక్టర్ని. రెండో మాటలో కొంత నిజం ఉంది. మొదటి మాటంటే నాకు ఒళ్లు మండుతాది. ఎండలో ఉప్పు మడుల్లో గంపలెత్తిన మనిషికి ఓర్పు లేదని ఎలగంటాం?

లెక్కలు చూడండి. 2019-21లో చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు ఆపరేషన్లే. దేశం సగటు 21.5. మన రాష్ట్రంలోనే సర్కారు ఆసుపత్రుల్లో 26.6 ఉంటే, ప్రైవేటులో 63. ఆస్పత్రి గేటు మారితే ఆడోళ్ల ఒళ్లు మారిపోదు కదా. పోనీ కష్టం కేసులన్నీ ప్రైవేటుకే పోతున్నాయా అంటే, మన వైపు చెయ్యి దాటిన కేసుని టెక్కలి నించి శ్రీకాకుళం రిమ్స్‌కే తోలుతారు.

అలాగని ఆపరేషన్ మీద నాకు పగ లేదు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డంగా ఉన్నా, లోపల బిడ్డ గుండె తగ్గిపోతున్నా, ఆ కోతే రెండు ప్రాణాలు నిలబెడతాది. మంత్రసాని కాలానికి పోదాం అనేవోళ్లతో నాకు పేచీయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో నూటికి 10 నించి 15 చాలన్నాది. 2015లో ఇంకో మాట కూడా చెప్పింది: ఒక అంకె పట్టుకుని పరిగెత్తొద్దు, అవసరమైన ప్రతి మనిషికీ ఆపరేషన్ అందేటట్టు చూడండి అని. అందుకే "సిజేరియన్లు తగ్గించండి" అని పై నించి టార్గెట్లు పెడితే నాకు భయం. అంకె తగ్గించడానికి, నిజంగా కోత గావాల్సిన పిల్లని కూడా ఆపేస్తే?

అంకె సంగతి కాదు, నొప్పులు మొదలైన కాడి నించి బిడ్డ బయటికొచ్చే దాకా ఆ గదిలో ఏటి జరుగుతుందో చూడాల. తొలికాన్పు నెమ్మదిగా నడుస్తాది. గంటకి ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలని పాత లెక్కొకటి ఉండేది. దాన్ని పట్టుకుని తొందరపెట్టొద్దని 2018లో అదే ప్రపంచ సంస్థ చెప్పింది. 5 సెంటీమీటర్లకి గానీ అసలు నొప్పులు ఊపందుకోవట. అక్కడి నించి తొలికాన్పుకి 12 గంటల దాకా పట్టొచ్చు. తల్లీ బిడ్డా బాగున్నంతసేపు ఆ టైము ఇవ్వాల. నడవనివ్వాల, దాహమేస్తే తాగనివ్వాల, పొట్ట మీద నొక్కకూడదు. ఇవేవీ ఖరీదైనవి కావు.

అన్నిటికంటే ముందు, పక్కన ఒక మనిషుండాల. 2017లో 26 పరిశోధనలు, 15 వేల పైచిలుకు ఆడోళ్ల వివరాలు కలిపి చూస్తే, నొప్పులంతసేపూ ఒకరు తోడున్నోళ్లకి మామూలు కాన్పులు ఎక్కువ, కోతలు తక్కువ అని తేలింది. చెయ్యి పట్టుకుని, నడుం రాసి, "ఇంకాసేపే అమ్మా" అనే మనిషి. మన కేంద్ర ప్రభుత్వం 2016లోనే సర్కారు ఆసుపత్రుల్లో ఈ తోడుని ఒప్పుకుంది. ఒకసారైనా కన్న ఆడమనిషి అయితే మంచిది, చాటు ఉన్న చోట మొగుడైనా ఉండొచ్చు. రోగం లేకుండా, శుభ్రమైన బట్టల్తో ఉండాల, స్టాఫ్ పనికి అడ్డు రాకూడదు. 2017లో వచ్చిన 'లక్ష్య' పథకంలోనూ ఇదే ఉంది.

మరి మనకి ఎదురయ్యేదేటి? మా పిన్ని కూతురు కాన్పుకి తొమ్మిది గంటలు తలుపవతల కూర్చున్నాం. పిన్ని ఫ్లాస్కు పట్టుకుని లేచినప్పుడల్లా "లోపలికి ఎవులూ రాకూడదు" అన్నారు. ఆఖరికి "ముందుకి జరగట్లేదు" అని ఆపరేషన్ చేసినారు. అది అనవసరమని నేననను, నాకంత చదువు లేదు. కానీ ఆ పిల్ల ఇప్పటికీ కుట్ల గురించి కాదు, "నాకేటవుతోందో ఒక్కళ్లూ చెప్పలేదప్పా" అనే ఏడుస్తాది.

ఇది నర్సమ్మల పాపం అనుకోకండి. ఒకే గదిలో నాలుగు మంచాలు, మధ్యలో తెర ఉండదు, అందరికీ ఒక్కర్తే నర్సు. ఒకళ్ల అమ్మ లోపలికొస్తే మిగతా ముగ్గురి చాటు పోతాది. అందుకే వద్దంటారు.

తెలంగాణలో 2017 నించి కరీంనగర్ ఆసుపత్రిలో నర్సుల్ని మిడ్‌వైఫ్‌లుగా తయారుచేసినారు, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఫౌండేషన్ నేర్పించింది. 2018లో కేంద్రం కూడా 18 నెలల శిక్షణతో ఇలాంటి నర్సులుండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మంచి పనే. కానీ అదే సర్వేలో తెలంగాణ 60.7తో దేశంలోనే మొదటుంది, ప్రైవేటులో 81.5. సర్కారు గదిలో ఎంత మంచి నర్సున్నా, ముహూర్తం రాయించుకుని ప్రైవేటుకి పోయే కుటుంబాన్ని ఆపలేదు కదా. ఆ పంతులు చీటీ రాయించేది మనమే.

మన వైపు ఇదెందుకు పెద్ద సంగతంటే, ఇక్కడ మొదటిది కోతయితే రెండోదీ దాదాపు కోతే. అప్పు తీరకముందే మళ్లీ మడుల్లోకి దిగి బరువెత్తాల.

కాబట్టి తమ్ముళ్లూ, ఇంట్లో ఎవులైనా కడుపుతో ఉంటే ఏడో నెలలోనే ఆశా కార్యకర్తనీ ఏఎన్ఎంనీ అడగండి: మేమెల్లే ఆసుపత్రిలో తోడుని రానిస్తారా, తెరలున్నాయా అని. లోపలికి ఎవులెల్లాలో అప్పుడే అనుకోండి, కానీ ఆ పిల్లనే అడగండి, అత్తో అమ్మో ఎవులు గావాలో. నొప్పులొచ్చినాక గేటు కాడ గొడవపడితే ఏటీ అవదు. తెరలు లేవంటే, ఎమ్మెల్యే ఊర్లోకొచ్చినప్పుడు సిమెంటు రోడ్డు పక్కన ఆ నాలుగు తెరలూ అర్జీలో రాయండి.