ఫోన్‌తో తీసే వీడియోకు రేటు ఎంత పెట్టాలి? ఫోన్ ధర చూసి మాత్రం కాదు!

"ఫోన్‌తోనే కదా తీసేది, కాస్త తగ్గించి చెప్పండి." పెళ్లిళ్లకు, బర్త్‌డేలకు రీల్స్ తీసేవాళ్లకు బాగా అలవాటైన మాట ఇది. మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం: రేటు కట్టాల్సింది ఫోన్‌కు కాదు, మీ గంటలకు.

ఫోన్ అంటే చిన్నచూపు అక్కర్లేదు. 2015లో వచ్చిన 'టాంజరిన్' సినిమాను ఐఫోన్ 5ఎస్‌తోనే తీశారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. 72,000 రూపాయల ఫోన్‌ను రెండేళ్లు వాడతారనుకుంటే నెలకు 3,000. గింబల్, మైక్, ఎడిటింగ్ యాప్, డేటా కలిపి మరో 2,000 అనుకోండి. నెలకు ఐదు షూట్‌లు చేస్తే ఒక్కోదానికి ఖర్చే 1,000. మీరు 4,000 తీసుకుంటే మిగిలేది 3,000. షూట్‌కు 5 గంటలు, ఎడిటింగ్‌కు 10 గంటలు పట్టిందంటే గంటకు చేతికొచ్చేది 200 మాత్రమే. పెట్రోల్ ఇంకా కలపలేదు. "ఇంకొక్క చిన్న మార్పు" అంటూ మూడు రోజులు తిప్పితే అదీ మిగలదు.

అందుకే పని ఒప్పుకునే ముందే వాట్సాప్‌లో రాసి పంపండి: ఎన్ని గంటలు, ఎన్ని వీడియోలు, ఎన్నిసార్లు మార్పులు, అడ్వాన్స్ ఎంత. రా ఫుటేజ్ అడిగితే రేటు వేరే. ఐఫోన్‌లో 4కే ప్రోరెస్ వీడియో నిమిషానికి దాదాపు 6 జీబీ తింటుంది, స్టోరేజ్ ఊరికే రాదు కదా!

మరి తెలిసినవాళ్లు అడిగితే? తగ్గించండి, తప్పులేదు. కానీ బిల్లులో అసలు రేటు రాసి, డిస్కౌంట్ విడిగా చూపించండి. లేదంటే ఆ తగ్గించిన రేటే ఊళ్లో మీ రేటైపోతుంది.