ఖాకీ ఒకటే, ముసలితనం వేరా?

సండూరు తాలూకా యశ్వంతనగర్‌లోనైనా, బళ్లారి నగరంలోనైనా జాతర బందోబస్తుకూ, ఎన్నికల కాపలాకూ పోలీసుల పక్కన హోంగార్డులే నిలబడతారు. ఎండ ఒకటే, డ్యూటీ ఒకటే. 2006 ఏప్రిల్ తర్వాత చేరిన కానిస్టేబుల్‌కు కనీసం ఎన్‌పీఎస్ ఖాతా, అందులో ప్రభుత్వ వాటా ఉన్నాయి. హోంగార్డుకు అదీ లేదు.

ఎందుకంటే 1962 నాటి కర్ణాటక హోంగార్డుల చట్టం ప్రకారం వారిది స్వచ్ఛంద దళం. వారు ఉద్యోగులు కారు. 2015లో సుప్రీంకోర్టు కూడా వారిని క్రమబద్ధీకరించమనలేదు. అయితే నెల రోజుల డ్యూటీ భత్యం పోలీసు కనీస వేతనానికి తగ్గకూడదని రాష్ట్రాలను ఆదేశించింది. కూలికి పోలీసుతో పోలిక కుదిరినప్పుడు పింఛనుకు ఎందుకు కుదరదని మేము అడుగుతున్నాం.

అటల్ పెన్షన్‌లో చేరమని సలహా ఇచ్చేవారున్నారు. 40 ఏళ్లు దాటితే అందులో చేర్చుకోరు. చేరినా, సొంత జేబులోంచి కట్టుకుంటే దక్కేది నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు.

బాప్తిస్మమిచ్చు యోహాను సైనికులను జీతంతో తృప్తిపడమన్నాడని మరికొందరు లూకా సువార్త 3వ అధ్యాయం చూపిస్తారు. ఆయన ప్రజలను పీడించవద్దని సైనికులకు చెప్పాడు గానీ, పనిచేయించుకుని వట్టిచేతులతో పంపమని పాలకులకు చెప్పలేదు.

డ్యూటీ చేసిన ప్రతి రోజుకూ ప్రభుత్వం తన వాటా జమచేసే పింఛను నిధి కావాలి. ఇదే మా డిమాండు.

యువతీ యువకులారా, మీ సంఘాల్లోని హోంగార్డుల డ్యూటీ లెక్కలు సేకరించండి. కన్నడంలో వినతిపత్రం రాసి సండూరు ఎమ్మెల్యేకు ఇవ్వండి. వారి కోసం ప్రార్థించే మనం ఆ కాగితం మీద సంతకమూ పెడదాం.