మంచు చేసే పని

ప్రేమ, సస్పెన్సు కలిసిన నవలల్లో కథానాయికను మంచు ముందుగా లోకం నుంచి విడదీస్తుంది. దారులు మూసుకుపోతాయి. టెలిఫోను మూగబోతుంది. మిగిలేది హంతకుడో రక్షకుడో తెలియని ఒక్క మగవాడు. ఆ భయమే చివరికి ప్రేమవుతుంది.

ఇంటిచాకిరీ నుంచి విరామంగా అమెరికా గృహిణులు ప్రేమనవలలు చదువుతారని 1984లో జానిస్ రాడ్వే రాసింది. ఆ విరామాన్ని నేను తప్పుపట్టను. నా అభ్యంతరం ఆ ఒంటరితనం మీద.

తిరుమలాయపాలెంలో మంచు పడదు. అయినా ఫోను లాక్కుని, పుట్టింటి రాకపోకలు ఆపించే భర్త ఆ మంచు పనే చేస్తాడు. 2005 గృహహింస చట్టం మానసిక హింసనూ హింసగానే గుర్తించింది.

భద్రాచలం అడవుల్లో తునికాకుకు స్త్రీలు జట్టుగా వెళ్తారు. మన రచయిత్రులు అడవి కథ రాసినప్పుడు నాయిక పక్కన మరో స్త్రీని నిలబెట్టాలి. అప్పుడామె ప్రేమిస్తే, అది దిక్కులేక చేసిన ప్రేమ కాదని నమ్మొచ్చు.