దువా సరే, దవా ఎప్పుడు?

మద్దికెర, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల మన ఇళ్లలో పద్దెనిమిదేళ్ల కుర్రవాడు నిద్ర మాని, చదువు వదిలి, అయినవాళ్లనే అనుమానిస్తుంటే ముందుగా వినిపించే మాట ‘గాలి సోకింది’. దర్గాకు తీసుకెళ్తాం. అది తప్పని మేము అనం. అక్కడే నెలలు గడిచిపోవడమే మా బాధ. తొలి నెలల్లో వైద్యం అందితే కోలుకునే అవకాశం ఎక్కువ.

వైద్యుల తీరులోనూ లోపముంది. ‘ఎవరికీ వినబడని మాటలు నీకు వినబడుతున్నాయా?’ అని పుస్తకాల తెలుగులో అడిగితే, ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్ల ఏం చెప్పగలదు? కలలో వలీ కనిపించారనడం జబ్బు కాదు. పిల్ల తీరు ఎప్పటినుంచి, ఎలా మారిందో తల్లిని ఆమె భాషలోనే అడగాలి.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన నడిచిన ఆశ్రమంలో మంటలు చెలరేగి, గొలుసులతో కట్టివేసిన మానసిక రోగులు తప్పించుకోలేక 28 మంది మరణించారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా ముజావర్లు ‘దవా-దువా’ పేరిట రోగులను వైద్యుల వద్దకు పంపే పద్ధతి నెలకొంది. మన ముజావర్లు అంతకు తక్కువవారా? కర్నూలు సర్వజన వైద్యశాల మానసిక వైద్యులు నెలకొక్కసారైనా ఇక్కడి దర్గాలకు రావాలని అడుగుతున్నాం. అందాకా టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.