పక్షం కట్టిన పత్రిక

1941 ఫిబ్రవరి 1న బొంబాయిలో ‘బ్లిట్జ్’ వారపత్రిక పుట్టింది. దాన్ని దశాబ్దాల పాటు నడిపించినవారు రూసీ కరంజియా. పెద్ద పత్రికలు ఆచితూచి లోపలి పేజీల్లో సర్దే సంగతుల్ని ఈ టాబ్లాయిడ్ మొదటి పేజీలోనే లావుపాటి అక్షరాల్లో గుద్దేసేది. అయినా చాలామంది దాన్ని వెనక నుంచే తిరగేసేవారు. ఆఖరి పేజీలో రచయిత ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ కాలమ్ ఉండేది. 1987లో కన్నుమూసేదాకా ఆయన ఆ కాలమ్ రాశారు. సమసమాజం గురించి ఆయన రాసిన మాటల పక్కనే ఓ అందగత్తె ఫొటో! పాఠకుణ్ణి రప్పించడానికొకటి, చదివించడానికొకటి. రెండింటినీ ఒకే పేజీలో పెట్టడానికి ఆ పత్రిక ఏనాడూ మొహమాటపడలేదు.

బ్లిట్జ్ సత్తా ఎంతో, దాని వల్ల చేటు ఎంతో రెండూ నానావతి కేసులో బయటపడ్డాయి. 1959 ఏప్రిల్ 27న నౌకాదళ కమాండర్ కవాస్ నానావతి తన భార్య ప్రియుడు ప్రేమ్ ఆహుజాను రివాల్వర్‌తో కాల్చి చంపి, తానే వెళ్లి పోలీసులకు లొంగిపోయాడు. బ్లిట్జ్ అతన్ని పరువు కోసం నిలబడ్డ వీరుడిగా చిత్రించింది. పావలా పత్రిక రెండు రూపాయలకు చేతులు మారిందని చెప్పుకుంటారు. జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. సెషన్స్ జడ్జి ఆ తీర్పును ఒప్పుకోక కేసును హైకోర్టుకు పంపారు. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆ తర్వాత గవర్నర్ విజయలక్ష్మీ పండిట్ క్షమాభిక్ష పెట్టారు. జ్యూరీ పద్ధతి ఈ కేసుతోనే పోయిందని అనడం వాడుక. నిజానికి అంతకు ముందే, 1958లో, లా కమిషన్ దాన్ని ఎత్తేయమంది. కేసు ఆ వాదనకు ఊతమిచ్చింది.

నానావతిని వీరుణ్ణి చేసిన ఈ సంబరంలో బ్లిట్జ్ పాఠకులకు అందని కథ ఒకటుంది. అది ఆహుజాది. చచ్చినవాడు తన మాట తాను చెప్పుకోలేడు. నోరులేనివాళ్ల తరఫున గొంతెత్తుతానన్న పత్రిక, ఆ ఒక్కసారి యూనిఫాం వేసుకున్నవాడి వెనక నిలబడింది.

అలాగని కరంజియా తన పత్రిక రాతలకు జవాబు చెప్పకుండా తప్పించుకోలేదు. 1961లో లోక్‌సభ సభ్యుడు ఆచార్య కృపలానీని వెటకరిస్తూ అచ్చేసిన వ్యాసాన్ని లోక్‌సభ హక్కుల ఉల్లంఘనగా తేల్చి, ఆయన్ను సభ ముందుకు పిలిపించి మందలించింది. అప్పుడు స్పీకర్ మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. అచ్చేసిన రాతకు సంపాదకుడు స్వయంగా వెళ్లి నిలబడాల్సి వచ్చిన సందర్భం అది.

ఆ న్యూస్‌రూమ్ నుంచే తెలుగు కుటుంబంలో పుట్టిన పాలగుమ్మి సాయినాథ్ వచ్చారు. బ్లిట్జ్‌లో డిప్యూటీ చీఫ్ ఎడిటర్‌గా పనిచేసి, 1993లో పల్లెల దారి పట్టారు. తర్వాత అనంతపురం రైతుల ఆత్మహత్యల్ని దేశం ముందు పెట్టినవారిలో ఆయన ముందుంటారు. ఆయనా పక్షం కట్టినవారే. కాకపోతే ఊరూరా తిరిగి, ఎవరి తరఫున రాశారో వాళ్ల ఇంట్లో కూర్చుని, వాళ్ల మాట విన్నాక కట్టారు.

పత్రిక ఎటూ మొగ్గకూడదని మేం అనం. ఎటూ మొగ్గనట్టు నటించే పత్రికల కంటే బ్లిట్జ్ నిజాయితీ గలదే. ఇవాళ స్టూడియోలో కూర్చుని రాత్రికి రాత్రే తీర్పులిచ్చేవారికి బ్లిట్జ్ గొంతు మాత్రమే వంటబట్టింది. జవాబుదారీతనం లేదు, తిరిగి తెలుసుకునే ఓపికా లేదు. అందుకే పాఠకుడు ఏ సంచలనం చదివినా ముందుగా ఒకటి వెతకాలి: ఇందులో ఎవరిని అడగలేదు? ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా, పత్రిక ఎవరిని వీరుడన్నా ఒప్పుకోనక్కర్లేదు.