చక్రనాభిలోని చమురు

అమెరికా అంతర్రాష్ట్ర రహదారులపై సరుకు ట్రెయిలరు, దానిని లాగే ట్రాక్టరు కలిసి సాధారణంగా 80,000 పౌన్ల వరకు తూగవచ్చును. ఆ భారమంతా చక్రాల హబ్బులలోని శంకువు ఆకారపు రోలరు బేరింగులపైనే నిలుస్తుంది. 1898లో హెన్రీ టిమ్కెన్, రెజినాల్డ్ హైంజెల్మన్‌లు పేటెంటు పొందిన ఈ అమరిక పైబరువునూ, మలుపులలోని పక్క ఒత్తిడినీ ఒకేసారి ఓర్చుకుంటుంది. నూనె లేమిని మాత్రం ఓర్వదు. ఎండిన బేరింగు కాలి, చక్రమే ఊడి ఎదుటి వాహనంపై పడగలదు.

హబ్బు మూతకున్న పారదర్శకపు కిటికీలో మట్టం తగ్గితే నూనె పోసి ఊరకుండటం చాలాచోట్ల అలవాటు. ఇది సరికాదు. ప్రమిదలో చమురువలె కాలి తరిగేది కాదిది. తగ్గినదంటే ఎక్కడికో కారుతున్నదన్నమాట. లోపలి సీలు దెబ్బతింటే అది బ్రేకు లైనింగుపైకి పాకుతుంది, ఆ చక్రానికి బ్రేకు సరిగా పట్టదు. సీలుతోపాటు తడిసిన లైనింగునూ మార్చవలసినదే. అయితే సీలును నిందించేముందు మూతలోని గాలిరంధ్రాన్ని చూడాలి. అది పూడుకుపోతే, వేడికి పెరిగిన ఒత్తిడి మంచి సీలు గుండానైనా నూనెను వెలికి నెట్టగలదు. నూనె పాలవలె తెల్లబడితే నీరు చేరినట్లు.

చేతితో సర్దే హబ్బులో బేరింగుకు ఉండదగిన కదలిక అంగుళంలో వెయ్యింట 1 నుండి 5 వంతులు. దానిని డయల్ గేజితో కొలవాలి. చక్రాన్ని ఊపి చూచి తృప్తిపడే మెకానిక్కు ఎంతటి అనుభవజ్ఞుడైనా వేళ్ళకు అంత సూక్ష్మం అందదు.

ఫెడరల్ నిబంధనలు 12 నెలలకొక తనిఖీని విధించినవి, ప్రయాణానికి ముందు వాహనాన్ని చూచుకొనే బాధ్యతను డ్రైవరుపై ఉంచినవి. కానీ మైళ్ళ లెక్కన జీతం పొందేవానికి, చీకటి యార్డులో టార్చిలైటుతో చక్రం చక్రం వద్ద వంగే నిమిషాలకు పలుచోట్ల పైసా రాదు. ఆ నిమిషాలకు యజమానులు వేతనం చెల్లించవలెను.