రెండు కనెక్షన్లు కలిపితే రెట్టింపు స్పీడా?

ఇంట్లో ఫైబర్ ఒకటి, ఫోన్ హాట్‌స్పాట్ ఒకటి. రెండూ ఒకే ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే స్పీడు రెట్టింపవుతుందా అని మా టీములో కుర్రాళ్ళు అడుగుతుంటారు. నన్నడిగితే, వాళ్ళనుకున్నట్టు మాత్రం అవ్వదు.

కారణం టీసీపీ. ఇటువైపు ఐపీ, పోర్టు, అటువైపు ఐపీ, పోర్టు - ఈ నాలుగూ కలిస్తేనే ఒక కనెక్షన్. మధ్యలో ఏది మారినా అది వేరే కనెక్షన్ కింద లెక్క. అందుకని లోడ్ బ్యాలెన్సింగ్ చేసేది ఉత్త పంపకమే: ఈ డౌన్‌లోడు ఇటు, ఆ డౌన్‌లోడు అటు. టొరెంట్లకి బానే ఉంటుంది. ఆఫీసు వీపీఎన్ మాత్రం సాధారణంగా ఒక్క లైనులోనే పోతుంది.

నిజంగా కలపాలంటే అవతలి కొసన కూడా కలిపేవాడుండాలి. మల్టీపాత్ టీసీపీ పుట్టింది అందుకే. 2013లో ఆర్ఎఫ్‌సీ 6824గా వచ్చింది, 2020లో లినక్స్ 5.6 కెర్నెల్‌లో చేరింది. కానీ అవతలి సర్వరుకి అది రాకపోతే మళ్ళీ మామూలు టీసీపీయే గతి. లేదంటే మధ్యలో ఇంకో సర్వరు అద్దెకి తీసుకోవాలి.

మరి రెండో లైను దండగా? కాదండీ. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయి, ఆన్‌కాల్‌లో ఉన్న మీకు అప్పుడే నెట్ పోతే మేనేజరుకి ఏం చెప్తారు? రెండో లైను అలాంటి రాత్రి కోసం. అదైనా ఒకే స్తంభం మీంచి వచ్చే రెండు కేబుళ్ళయితే లాభం లేదు, కొమ్మ విరిగితే రెండూ కలిసే పోతాయి. ఒకటి ఫైబర్, ఒకటి మొబైల్ పెట్టుకోండి. స్పీడే కావాలంటే ఆ డబ్బుతో ఉన్న ప్లానే పెంచుకోవడం మేలు. ఏమంటారు?